తలనొప్పి మందు కూడా ఒక పంటే

చైనాలో ఒంటిచెంప తలనొప్పికి, అదే మైగ్రేన్‌కి, ముఖ్యంగా వాడే మూలిక చువాన్‌ష్యోంగ్. కొత్తిమీర జాతి మొక్క, మందు దాని దుంపలో ఉంటుంది. సిచువాన్‌లో దుజియాంగ్‌యాన్ కాలవల కింద పండిస్తారు. విత్తనం కణుపులు కొండమీద పెంచి, ఆగస్టులో పల్లపు మళ్ళలో నాటి, మరుసటేడు మే నెలలో తవ్వుతారు.

ఆ దుంపకి అతిమధురం, పుదీనా జాతి ఆకు, ఇంకొన్ని కలిపి పొడిచేసి, టీ నీళ్ళతో తాగడం సోంగ్ రాజుల కాలం నుంచి ఉంది. 900 ఏళ్ళ పైమాటే. అక్కడి వైద్యుడు నాడి, నాలుక చూసి మనిషినిబట్టి పాళ్ళు మారుస్తాడు.

మా ఇంటావిడకి ఈ నొప్పి ఇరవై ఏళ్ళుగా ఉంది. వచ్చిందంటే వెలుతురు చూడలేదు, వాంతులు. ఈమధ్య ఎవరో ఫోన్లో చైనా పొడి డబ్బా బొమ్మ పంపారు. మీద ఏం కలిపారో ఒక్క ముక్క లేదు. వద్దన్నాను.

ఎందుకంటే ఆ పాత మందులోనే షీషిన్ అనే వేరు ఉంది. ఆ కుటుంబం మొక్కల్లో కిడ్నీలు పాడుచేసి క్యాన్సర్ తెచ్చే ఆమ్లం ఉంటుంది. 1990ల్లో బెల్జియంలో సన్నబడే మందులో ఒక చైనా వేరుకి బదులు ఈ ఆమ్లం ఉన్న వేరు కలిసి, ఎందరో ఆడవాళ్ళ కిడ్నీలు పోయాయి. మన ఈశ్వరి వేరుదీ ఆ కుటుంబమే.

అలాగని నొప్పి బిళ్ళలు రోజూ మింగినా తలనొప్పి ముదురుతుంది. నెలలో పది రోజులు దాటితే నరాల డాక్టరుకి చూపించండి. లాట్ నంబరు లేని విత్తనం కొనం కదా, పేరు లేని పొడి ఎట్లా మింగుతాం?