కొత్త సౌండ్‌బాక్స్ తెచ్చిన తంటా

మా తాతయ్య సెకండ్‌హ్యాండ్‌లో కొన్న హెచ్‌ఎంవీ 101 గ్రామఫోన్ ఏళ్ల తరబడి అటక మీదే ఉంది. 1925లో వచ్చిన మోడల్. మూత వేస్తే అచ్చం సూట్‌కేసే. ‘నేను పోయేలోగా ఒక్కసారి దాని పాట వినిపించరా’ అంది నానమ్మ. అంతే, నాలోని ఇంజినీర్ నిద్రలేచాడు.

కీ తిప్పితే ప్లేటు బాగానే తిరుగుతోంది. పాట మాత్రం రేకు డబ్బాలో తుమ్మెద చిక్కుకున్నట్టు ఒకటే గరగర. తప్పు సౌండ్‌బాక్స్‌ది. పాత మాడ్యూల్ పీకేసి కొత్తది పెట్టడం మనకు అలవాటే కదా! జుమేరాత్ బజార్‌కెళ్లి తళతళలాడే కొత్త సౌండ్‌బాక్స్ బేరమాడి తెచ్చా. నానమ్మకిష్టమైన పద్యాల రికార్డు పెట్టా. సౌండ్ అదిరింది. నానమ్మ మాత్రం ‘ఇది మన పెట్టె గొంతు కాదురా’ అంది.

రికార్డు తీసి చూస్తే గుండె జారింది. గాడి పొడవునా బూడిదరంగు చార. సూది చుట్టూ సన్నటి పొడి.

ఎందుకలా అయిందో తర్వాత అర్థమైంది. 78 ఆర్‌పీఎం రికార్డు లక్కతో చేసేవారు. గాడిలోని వంపులు సూదిని అటూ ఇటూ ఊపుతాయి. సూదిని పట్టుకున్న కడ్డీ ఆ ఊపును పల్చటి రేకుకు అందిస్తుంది. నేను తెచ్చిన దాంట్లో ఆ కడ్డీ బిగుసుకుపోయి ఉంది. సూది కదల్లేక గాడినే చెక్కేసింది. ప్రతి వైపుకీ కొత్త సూది వాడాలన్న రూల్ పాటించా, కానీ ఆ కడ్డీని వేలితో కదిపి చూడలేదు.

మళ్లీ పాత సౌండ్‌బాక్స్ ముందు కూర్చున్నా. దాని వెనక భాగం జింకు మిశ్రమం, పాతబడితే పెళుసెక్కుతుంది. ఊపిరి బిగబట్టి ఒక్కో స్క్రూ తీశా. లోపల అభ్రకం రేకు, మన గూడూరు గనుల్లో దొరికే అభ్రకం లాంటిదే, చెక్కుచెదరలేదు. దాన్ని రెండు వైపులా పట్టుకునే రబ్బరు రింగులు మాత్రం రాయిలా గట్టిపడ్డాయి. గరగర అంతా వాటిదే! మార్చాల్సింది ఆ రెండు ముక్కలే.

వెర్నియర్ కాలిపర్‌తో పాత రింగుల మందం కొలిచా. కొత్త రబ్బరు లావైతే రేకును నొక్కేస్తుంది, సన్నమైతే రేకు గిలగిల్లాడుతుంది. సరిపడే మెత్తటి సన్న ట్యూబు వెతికి, కోసి అమర్చా. జిగురు జోలికి పోలేదు. రేపు ఇంకెవరైనా విప్పాల్సి వస్తే విప్పగలగాలి. పాత రింగుల్ని కవర్లో వేసి, తేదీ రాసి పెట్టె మూతలోనే దాచా.

ఈసారి ముందు ఒక పనికిరాని రికార్డు మీద టెస్ట్ చేశా. సూది చుట్టూ పొడి లేదు. అప్పుడే పద్యాల రికార్డు రెండోవైపు పెట్టా. నానమ్మ కళ్లు మూసుకుని, పద్యం మొదలవకముందే రాగం అందుకుంది.

పాట అయ్యాక రికార్డు తిప్పబోతే చెయ్యి పట్టుకుంది. ‘అటువైపు వద్దులే. అది నాకు నోటికొచ్చు’ అంది.