ఒక్క కాన్పైనా...

ఆడకుక్కను పెంచుకునే ఇంటికి ఎవరొచ్చినా ఒక సలహా వదిలి వెళ్తారు. "ఒక్క కాన్పైనా కానివ్వండి పాపం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ తర్వాత చేయిద్దురు గాని!" పక్కింటి పిన్నిగారు అంటారు, పాలబ్బాయి అంటాడు, ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మ అయితే కళ్లనీళ్లు పెట్టుకుని మరీ అంటుంది. వినీ వినీ ఒళ్లు మండే మాట ఇది. పిల్లల్ని కనకపోతే కుక్క బెంగపెట్టుకుంటుందనడానికి వైద్యశాస్త్రంలో ఆధారమే లేదు. ఆ బెంగ మనుషులది.

కాన్పు లెక్క మాత్రం ఎవరూ చివరిదాకా వెయ్యరు. చూలు నిండేది సుమారు 63 రోజుల్లో. ఐదో ఆరో పిల్లలు. ముద్దుగా ఉన్న రెండిటిని చుట్టాలు పట్టుకెళ్తారు. మిగిలినవి చాలాసార్లు గోనెసంచిలో చేరి, ఏ చేపల బజారు దగ్గరో దిగుతాయి.

ఆపరేషన్ కాని ఆడకుక్కకు ఎద అయిపోయిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంది. డాక్టర్లు పయోమెట్రా అంటారు. తిండి మానేస్తుంది, నీళ్లు తెగ తాగుతుంది. అప్పుడు చాలావరకు చేసేదీ గర్భసంచి తీసే ఆపరేషనే. కాకపోతే నీరసించిన ఒంటి మీద, ప్రాణం మీదికి వచ్చాక.

మగకుక్కకు ఆపరేషన్ మాటెత్తితే ఇంటి మగవాళ్లే ముందు అడ్డం పడతారు. వీళ్ల తాతలు కోడెదూడకు విత్తులు కొట్టించనిదే అరక కట్టినవాళ్లు కారు. పూర్వం కాళ్లు కట్టి పడేసి, కర్రల మధ్య నలిపేవారు. మత్తు లేదు, మందు లేదు. ఆ దూడ పెట్టిన రంకె చెవుల్లో మోగుతూనే ఉన్న ముసలివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తర్వాత పశువుల ఆసుపత్రుల్లోకి బర్డిజో పట్టకారు వచ్చింది. తోలు తెగకుండా లోపలి నాళాలను నొక్కేస్తుంది. కోడె, గిత్త, ఎద్దు, ఆంబోతు అంటూ దేనికది వేరే పేరు పెట్టుకున్న భాష మనది. విత్తు కొట్టిన ఎద్దు కాడి కింద నెమ్మదిగా నడుస్తుందని రైతు ఇంట్లో పసివాడికీ తెలుసు. అలాంటి ఇంటివాళ్లు, మత్తిచ్చి నొప్పి తెలియకుండా చేసే ఆపరేషన్‌ను పాపమనడం ఎంత అన్యాయం!

అయితే తొందరా పనికిరాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది నిండకుండా ఆపరేషన్ అయిన గోల్డెన్ రిట్రీవర్లలో కీళ్ల జబ్బులు ఎక్కువ కనిపించాయి. పెద్ద జాతి కుక్కకు ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆగమని డాక్టర్లు చెప్పేది అందుకే. పిల్లికి ఆ వ్యవధి ఉండదు. నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు.

ఎప్పుడు చేయించాలో పెద్దమ్మను కాదు, పశువుల డాక్టరును అడగండి. ఆయన చెప్పినన్ని గంటలు కడుపు ఖాళీగా ఉంచి తీసుకెళ్లండి. ఇంటికొచ్చాక అది ఎంత దీనంగా చూసినా, కుట్లు మానేదాకా మెడకున్న గరాటు కాలరు తియ్యకండి.