పుస్తకం మూసి చెప్పు

జనవరి వచ్చిందంటే మన రియాద్ తెలుగు ఇళ్ళల్లో గురువారం రాత్రి భోజనాల పిలుపులు తగ్గిపోతాయి. "మావాడికి పదో తరగతి అండీ" అంటే చాలు, ఇంకెవరూ బలవంతపెట్టరు. టీవీ గొంతు తగ్గుతుంది. పిల్లవాడి గదిలో లైటు మాత్రం రాత్రి ఒంటిగంటదాకా వెలుగుతూనే ఉంటుంది. ఆ లైటు చూసి మనం తృప్తిపడతాం. ఆ వెలుగులో ఏం జరుగుతోందన్నది వేరే ప్రశ్న.

మా అబ్బాయి పదో తరగతి చదివిన ఏడాది వాడి పుస్తకాలు చూస్తే ముచ్చటేసేది. ప్రతి పేజీలో పచ్చగీతలు, పసుపుగీతలు. ఒక్కో పాఠం మూడుసార్లు చదివి "వచ్చేసిందమ్మా" అనేవాడు. చదివినదాన్నే మళ్ళీ చదివితే అంతా తెలిసినట్టే ఉంటుంది. రోజూ లిఫ్టులో కనబడే ఆయన మనకి బాగా తెలిసినవాడిలాగే ఉంటాడు. పేరేమిటని ఎవరైనా అడిగితే గాని సంగతి బయటపడదు.

నేను గుంటూరు జిల్లాలో తెలుగు మీడియంలో చదువుకున్నాను. సాయంత్రం దీపం పెట్టేవేళకి నాన్నగారి ముందు నిలబడి ఎక్కాలూ పద్యాలూ అప్పజెప్పాలి. ఈ రోజుల్లో దాన్ని బట్టీ అని కొట్టిపారేస్తారు గాని, బట్టీ వేరు, అప్పజెప్పడం వేరు. అప్పజెప్పడమంటే పుస్తకం మూసేసి, ఉన్నదేదో బుర్రలోంచి బయటికి తీయడం. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు ఇదే సంగతి పరీక్షించి 2006లో ప్రకటించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండోసారి కాగితం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తరవాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్ళదే పైచెయ్యి: 81 శాతం, రెండోవాళ్ళు 75. వారం తరవాత అడిగితే తలకిందులైంది. చదివినవాళ్ళకి 42 శాతం గుర్తుంది, రాసినవాళ్ళకి 56. మన పిల్లల పరీక్ష అయిదు నిమిషాల్లో ఉండదు గదా!

అందుకని మా ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాం. రాత్రి భోజనాలయ్యాక నేను వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ ఉంటే, వాడు పుస్తకం మూసి, ఆ రోజు చదివిన పాఠం నాకు చెప్పాలి. అదీ తెలుగులో. ఇంగ్లీషులో అయితే పుస్తకంలోని వాక్యాలు వాటంతటవే దొర్లుకుంటూ వచ్చేస్తాయి. తెలుగులో చెప్పాలంటే ముందు అర్థం కావాలి. "ఫోటోసింథసిస్‌ని మీరేమనేవాళ్ళు?" అని అడిగాడొకసారి. కిరణజన్య సంయోగక్రియ అన్నాను. పకపకా నవ్వి, ముక్కలు విరిచి చెబితే "అర్థం పేరులోనే ఉందే!" అన్నాడు.

కాంతి పాఠం దగ్గర చిక్కొచ్చింది. గాలిలోంచి నీళ్ళలోకి వెళ్ళేటప్పుడు కాంతి వేగం తగ్గుతుంది, అందుకని వంగుతుంది అన్నాడు. వేగం తగ్గితే నెమ్మదిగా వెళ్ళాలి గాని వంగడమెందుకు అన్నాను. నాకు నిజంగానే తెలియదు. అమ్మకి తెలియకపోవడం ఇలాంటిచోట గొప్ప సదుపాయం. వాడు గింజుకున్నాడు, పుస్తకం తెరవబోయాడు, తెరవద్దన్నాను. మర్నాడు స్కూలునించి వస్తూనే, "తుమామా వెళ్ళినప్పుడు నాన్న జీపుని రోడ్డుమీంచి ఏటవాలుగా ఇసకలోకి దింపుతారు చూడు, ముందు దిగిన చక్రం నెమ్మదిస్తుంది, రెండో చక్రం ఇంకా పరిగెడుతూ ఉంటుంది, అందుకని బండి అటువైపు తిరుగుతుంది!" అన్నాడు. ఆ పాఠం ఇక వాడు మర్చిపోడు, నేనూ మర్చిపోను. 2023-24 నుంచి సి.బి.ఎస్.ఇ. పదో తరగతి ప్రశ్నల్లో సగం ఇలా తెలిసినదాన్ని వాడి చూపించమనేవే. వాటికి పచ్చగీతలు పనికిరావు.

ఇక రాత్రి ఒంటిగంట లైటు సంగతి. సి.బి.ఎస్.ఇ. పరీక్ష ఇండియాలో ఉదయం 10:30కి మొదలవుతుంది. ఇక్కడ అది ఎనిమిది గంటలు. 7:45కే ప్రశ్నపత్రం చేతిలో ఉంటుంది. ఇషా నమాజు తరవాతే బజారు నిండే ఈ ఊళ్ళో మన పిల్లలకీ రాత్రిపూటే హుషారు. నెలరోజులు ఒంటిగంటకి పడుకున్న బుర్ర, పరీక్షనాడు మాత్రం ఎనిమిదింటికల్లా పదునుగా ఉండమంటే ఎలా ఉంటుంది? మావాణ్ణి పదిన్నరకే పడుకోబెట్టి, ఫజర్ అజాన్ వేళకి లేపేదాన్ని. సణిగేవాడు, అయినా లేచేవాడు.

ఇంత పట్టుదల మార్కులకోసమేనా అని మా వారు అడిగారు. ఇక్కడి మన పిల్లల్లో చాలామంది పన్నెండో తరగతి కాగానే ఇండియాకో, మరో దేశానికో వెళ్ళిపోతారు. పదిహేడేళ్ళకి హాస్టల్ గది. అక్కడ వాణ్ణి లేపేవాళ్ళుండరు, గిన్నెలు సర్దుతూ వినేవాళ్ళుండరు. తనకి ఏది వచ్చో, ఏది రాదో తనంతట తాను కనిపెట్టుకోవడం ఈ రెండేళ్ళలో అలవాటు కావాలి. ఆ తరవాత నేర్పడానికి మన దగ్గర ఉండరు.

లెక్కలు మాత్రం నోటితో అప్పజెప్పేవి కావు. పరీక్షకి ముందు నాలుగు శుక్రవారాలు, ఉదయం సరిగ్గా ఎనిమిదింటికి, పాత పేపరొకటి ముందుపెట్టి మూడు గంటలు కూర్చోబెట్టాం. ఫోను నా బీరువాలో. సోషల్ తెనాలిలో ఉన్న మా మామగారు ఫోనులో అప్పజెప్పించుకునేవారు. ఆయన పెందలాడే పడుకుంటారు కనక మనకి సాయంత్రం అయిదు దాటకూడదు. వాడు ఉప్పు సత్యాగ్రహం ఒక్క నిమిషంలో తేల్చేస్తే, "ఇంతకీ ఉప్పే ఎందుకురా?" అని ఆయన అరగంట వదిలేవారు కాదు.