పరాయి వంట, మన దస్తర్‌ఖాన్

కొత్త వంటకం ఎదురైనప్పుడు ముస్లిం గృహంలో రెండు ప్రశ్నలు పుడతాయి. ఇది ధర్మసమ్మతమేనా అన్నది మొదటిది. ఇది మనకు రుచిస్తుందా అన్నది రెండవది. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. నోటికి అలవాటు లేనిదాన్నల్లా అనుమానించడమూ, నోటికి నచ్చిందల్లా విచారించకుండా తినడమూ ఆ రెంటినీ ఒకటిగా కలిపివేయడం వల్ల వచ్చేవే.

మాది చిట్టమూరు మండలం. వైద్యానికైనా, పెళ్లి బట్టలకైనా నాయుడుపేటలో రైలెక్కి చెన్నై వెళ్లడం మా ప్రాంతంలో పరిపాటి. మొన్న చలికాలంలో అలాగే వెళ్లి, పనులు ముగిశాక పిల్లల కోరికపై బర్మా బజారు పక్క వీధికి నడిచాం. సాయంకాలమైతే అక్కడ బండ్ల మీద ‘అతో’ అమ్ముతారు. నారింజ రంగు నూడుల్స్‌లో సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ, కరకరలాడే వేయించిన ఉల్లి, వెల్లుల్లి నూనె, ఎండుమిరప పలుకులు, చింతపండు రసం వేసి చేత్తో కలిపి ఇస్తారు. పక్కనే వేడి వేడి అరటిదూట చారు.

తినేముందు విచారించడం మా బాధ్యత. “అన్నా, చారులో మాంసం ఏమైనా వేస్తారా? గరిటెలు వేరుగా ఉన్నాయా?” అని నెమ్మదిగా అడిగాం. ఆయన నొచ్చుకోలేదు. చారులో మాంసం లేదన్నాడు. కోడిమాంసం గిన్నెను వేరుగా చూపించాడు. మాకోసం గరిటె కడిగి పెట్టాడు. కోడి ఎలా జిబహ్ అయిందో తెలియదు కనుక దాన్ని వదిలి, కూరగాయలతో, గుడ్డుతో చేసినవి తీసుకున్నాం. బిస్మిల్లా అని పిల్లలు ఇష్టంగా తిన్నారు. మా నానీమా మాత్రం పచ్చి క్యాబేజీ వాసన పడదని పళ్లెం జరిపి, చారు తాగి ఊరుకున్నారు.

“నానీమా తినలేదంటే అది తినకూడదనా?” అని చిన్నవాడు అడిగాడు. వాడికి ఒక ఉదంతం చెప్పాం. ఒకసారి దైవప్రవక్త (స) ముందు కాల్చిన ఉడుము మాంసం పెట్టారు. ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగితే, కాదని, తన జాతివారి నేలలో అది లేదు గనుక తనకు ఇష్టం కలగడం లేదని చెప్పారు. ఖాలిద్ (రజి) ఆయన ఎదుటే దాన్ని తిన్నారు. తిన్నవారిదీ తప్పు కాదు, తిననివారిదీ తప్పు కాదు. ఏ ఆహారాన్నీ ఆయన ఎన్నడూ నిందించలేదనీ, నచ్చితే తినేవారనీ, నచ్చకుంటే వదిలేసేవారనీ హదీసులు తెలుపుతున్నాయి.

ఆ పళ్లెం వెనుక ఒక చరిత్ర ఉంది. బ్రతుకుతెరువు కోసం మన తెలుగువారు, తమిళులు వేలాదిగా బర్మా వెళ్లారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద అక్కడ తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచేవారు. 1942లో జపాను దాడికి జడిసి లక్షల మంది తిరుగుముఖం పట్టారు. వారిలో ఎందరో కొండలు, అడవులు దాటి కాలినడకన వచ్చారు. 1962లో సైనిక పాలన వచ్చి, 1964లో దుకాణాలను జాతీయం చేశాక మరెందరో సర్వం వదులుకొని ఓడలెక్కారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు, చెన్నైలోని బర్మా బజారు వారి పేరుతో మిగిలినవే. ఆస్తి రేవు దాటలేదు. చేతిలోని వంట దాటింది.

బియ్యపు సేమియా, చేపల పులుసు కలిపి తినే వాడుక బర్మాతో ఆగదు. అక్కడి మొహింగా వంటిదే కంబోడియాలో నొమ్ బాన్ చొక్. మెకాంగ్ నదీతీరాన చేపలు పట్టి జీవించే చామ్ ముస్లింలు ఆ దేశంలోనే ఉన్నారు. 1975 నుంచి 1979 వరకు సాగిన ఖ్మేర్ రూజ్ పాలనలో వారి మసీదులను మూసివేశారు, పంది మాంసం తినమని బలవంతం చేశారు, వేలాది మందిని చంపారు. మనకు ఒక ప్రశ్నతో, కడిగిన గరిటెతో తీరే విషయానికి వారు ప్రాణాలే ఒడ్డవలసి వచ్చింది.

రేపు మన ఊళ్లోనే ఏ దూరదేశపు వంటశాలో తెరుచుకోవచ్చు. అప్పుడు మర్యాదగా అడిగి తెలుసుకుందాం. సందేహమున్నది వదిలేద్దాం. ధర్మసమ్మతమైనది నచ్చితే తిందాం, నచ్చకుంటే మౌనంగా పక్కన పెడదాం. వండినవారి ఎదుట ముఖం చిట్లించకూడదని మాత్రం మన పిల్లలకు తప్పక నేర్పుదాం.