దాదీమా క్యాసెట్టు

మా ఇంట్లో 1948 అని ఎవరూ అనరు. ‘పోలీస్ యాక్షన్’ అంటారు. అదీ గొంతు తగ్గించి.

మాది నార్కట్‌పల్లి. బెజవాడ రోడ్డు మీది ఊరు. రాత్రిళ్లు లారీలు వరసగా పోతుంటే దాదీమా లేచి కూచునేది. ఎందుకో చాన్నాళ్లు తెలీదు. 2003లో టేప్‌రికార్డరు పట్టుకుని ఆమె ముందు కూచున్నాను.

ఆ సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య 17న నిజాం లొంగుబాటుతో ముగిసిందని పుస్తకాలు చెప్తాయి. దాదీమాకి తారీఖులు తెలీవు. అప్పుడామెకి పన్నెండేళ్లు. నల్లగొండకు పోయిన తండ్రి తిరిగి రాలేదు. పక్కింటి గొల్ల పెద్దమ్మ ఆమె నుదుట బొట్టు పెట్టి, గొర్రెల దొడ్లో తొమ్మిది రోజులు దాచింది. అంతా ఉర్దూలో చెప్పిన దాదీమా ఆ పెద్దమ్మ మాట మాత్రం తెలుగులోనే చెప్పింది: “ఎవలన్న అడిగితే నా బిడ్డెననే చెప్పు.”

తెలుగులో రాసి అచ్చేయించాను. ఒక్క మాట వదిలేశాను. “భాయీజాన్ భీ ఉన్‌మే థే.” ఆమె అన్న రజాకారు. పక్క ఊళ్లో ఇళ్లు తగలబడ్డ రాత్రి అతను ఇంట్లో లేడు. మనమీద పడ్డ నిందలు చాలవా అనుకున్నాను.

1948 చివర్లో నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని అంచనా వేసింది. ముస్లింలను కాపాడిన హిందువుల గురించీ రాసింది. ఆ నివేదిక 2013 దాకా బయట పెట్టలేదు. దాచారు, దాచారని నేనూ అరిచాను. అప్పుడు గుర్తొచ్చింది నా క్యాసెట్టు. నేను దాచలేదా?

రజాకార్లను వ్యతిరేకిస్తూ రాసి 1948 ఆగస్టులో వాళ్ల చేతుల్లో చచ్చిపోయిన షోయబుల్లా ఖాన్ ఉర్దూ జర్నలిస్టే. నా వృత్తివాడు, నా మతంవాడు. ఆయన రాయగలిగింది నేను రాయలేకపోయాను.

హిట్లర్ మారణహోమం నుంచి బతికి బయటపడ్డవాళ్ల మాటల్ని భద్రపరచడానికి 1994లో స్పీల్‌బర్గ్ షోవా ఫౌండేషన్ పెట్టాడు. యాభై వేలకు పైగా వాంగ్మూలాలు రికార్డు చేశారు. ఆ ఘోరం వేరు, మాది వేరు. కానీ సాక్షులు చచ్చిపోయేలోగా అడగాలన్నది ఎక్కడైనా ఒకటే. మా గల్లీకి ఏ కెమెరా రాలేదు. నేనే ఉన్నాను. నేనే కత్తిరించాను.

క్యాసెట్టు మళ్లీ విన్నాను. భాయీజాన్ సంగతి గొల్ల పెద్దమ్మకు తెలుసట. తెలిసే దాచింది! ఆ మాట కొట్టేసి నేను మావాళ్ల పరువు కాపాడలేదు. ఆ తల్లి గొప్పతనాన్ని సగం చేశాను.

దాదీమా ఇప్పుడు లేదు. అందుకే ఇక్కడ మొత్తం రాస్తున్నాను. మీ ఇళ్లలో ఆనాటివాళ్లు ఇంకా ఉంటే అడగండి. వాళ్లు ఏ భాషలో చెప్తే ఆ భాషలోనే రాసుకోండి. మనకు నచ్చని మాట కూడా.