ఇప్పపువ్వుకి హైడ్రోమీటర్

ఒకే పనిని ఒకచోట హాబీ అంటారు, ఒకచోట ఆచారం అంటారు, ఇంకోచోట కేసు అంటారు. ఇంట్లో మద్యం కాయడం అలాంటి పని. మిగతా రెండు పేర్లూ చలామణిలో ఉన్న అడవికి పక్కనే, ఖమ్మంలో పుట్టి పెరిగినా, నేను మాత్రం దాన్ని హాబీ పేరుతోనే నేర్చుకున్నాను. అదీ అమెరికాలో, ఆన్‌సైట్ మీద ఉన్న మూడేళ్ళలో.

అక్కడ నాకు ఇద్దరు గురువులు. మొదటిది, ముక్కూ మొహం తెలియని ఆన్‌లైన్ గుంపు. "నా బీరు పుల్లగా వస్తోంది, ఎందుకు?" అని రాత్రి అడిగితే తెల్లారేసరికి పది జవాబులు. ఉష్ణోగ్రత ఎంత, ఈస్ట్ ఏ రకం, బకెట్ దేంతో కడిగావు? అచ్చం మా ఆఫీసులో బగ్ రిపోర్ట్‌లాగే. లాగ్స్ లేకుండా ఎవడూ నీతో మాట్లాడడు. వాళ్ళు నాకు నేర్పిన మొదటి సూత్రం: మూత మీది గొట్టంలో బుడగలు ఆగాయని పులియడం అయిపోయిందనుకోకు. హైడ్రోమీటర్ ముంచి చూడు. 1.012 అని వస్తే, రెండ్రోజులాగి మళ్ళీ చూడు. అంకె కదలకపోతేనే అయినట్టు.

రెండో గురువు సామాన్లమ్మే షాపాయన. మాల్ట్, హాప్స్, ఈస్ట్ అన్నీ అక్కడే దొరికేవి. ఆయన అంకెలు పెద్దగా చెప్పేవాడు కాదు. నాలుగు గింజలు చేతిలో పోసి "నములు" అనేవాడు. హాప్స్ అరచేతిలో నలిపి వాసన చూడమనేవాడు. గుంపు నాకు కొలవడం నేర్పింది, ఆయన రుచి చూడటం నేర్పాడు. రెండిట్లో ఏది గొప్ప అని అక్కడ ఎప్పుడూ వాదనే. నాకు రెండూ కావాల్సొచ్చాయి.

ఈ వాదన ఇంత తీరిగ్గా సాగడానికి ఒక చట్టం ఉంది. 1933లో అమెరికాలో మద్యనిషేధం పోయినా ఇంట్లో బీరు కాయడం మాత్రం నేరంగానే మిగిలింది. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఆ అడ్డు పోయింది. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు, పన్ను లేకుండా కాచుకోవచ్చు. షాపు, గుంపు, పోటీలు, మెడల్స్ అన్నీ ఆ సంతకం తర్వాత పెరిగినవే. సారా బట్టీకి మాత్రం నేనున్న రోజుల్లో అక్కడా అనుమతి లేదు.

తిరిగొచ్చాక నా బకెట్ హైదరాబాద్ ఫ్లాట్‌లో అటకెక్కింది. లైసెన్సు లేకుండా ఇక్కడ బీరు కాచినా నేరమే. మన దగ్గర సామాన్లమ్మే షాపు లేదా అంటే, ఉంది. నల్లబెల్లం, పటిక అమ్మే కిరాణా కొట్టు. కాకపోతే అక్కడ ఎవరూ "నములు" అనరు. రెండూ కలిపి అడిగితే మనిషిని ఎగాదిగా చూస్తారు, ఎందుకంటే గుడుంబా కేసు కొట్టువాడి మెడకీ చుట్టుకోవచ్చు. 2024 మేడారం జాతరకి, అమ్మవార్లకి మొక్కే బెల్లం కొనడానికి కూడా ఆధార్ అడుగుతున్నారని వార్తలొచ్చాయి. ఆ కౌంటర్ దగ్గర కొత్తగా నేర్చుకునేవాడు ఏం అడుగుతాడు, ఎవరు చెప్తారు?

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే పరిస్థితి వేరు. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. కోయ ఆడవాళ్ళు బుట్టల్లో ఏరి ఎండబెడతారు. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. తినడానికీ అదే, అమ్ముకోవడానికీ అదే, దేవతల ముందు పోసే సారాకీ అదే. సంతలో పువ్వు అమ్ముతున్న ఒక పెద్దావిడ పక్కన కూర్చుని మాట కలిపాను.

"ఎన్ని రోజులు నానాలమ్మా?"

"ఎండని బట్టి."

"అయిపోయిందని ఎట్లా తెలుస్తది?"

"కుండకి చెవి పెడితే అదే చెప్తది సారూ. చిటపట ఆగినంక ఇంకేం అడుగుతవు?"

బుడగల్ని నమ్మొద్దన్న నా మొదటి సూత్రం అక్కడే కూలిపోయిందని రాస్తే కథ బాగుంటుంది గానీ, నిజం కాదు. ఆ సూత్రం బీరుకి సరైనదే. పులియడం ఆగకముందే సీసాలో పోసి బిగిస్తే సీసా పగులుతుంది. ఈవిడ సీసాలో పోయడం లేదు కదా, పొయ్యి మీద పెడుతోంది. రెండ్రోజుల తేడా వస్తే కాస్త సారా తగ్గుతుంది, అంతే. ఆవిడ పనికి చెవి సరిపోతుంది. కొలత ఎంత ఖచ్చితంగా ఉండాలో పని చెప్పాలి, పరికరం కాదు.

తర్వాత ఆవిడే నన్నొకటి అడిగింది. "ఇదంతా రాసుకుని ఏం జేస్తవు? మీ దిక్కు ఇప్పచెట్టు ఉందా?"

లేదన్నాను. నవ్వి, పక్క బేరం చూసుకుంది.

ఈ ప్రశ్న ఈ కొండలకి కొత్త కాదు. 1879లో రంప తిరుగుబాటు లేవడానికి ముఖ్యమైన కారణాల్లో కల్లు ఒకటి. తమ కోసం తాము గీసుకునే కల్లు కూడా ప్రభుత్వం అబ్కారీ కాంట్రాక్టర్ల చేతిలో పెట్టింది. దాని మీద మునసబుదారు చిగురుపన్ను. ఆ మంట ఆ ఏడాదే భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి పాకింది. అక్కడ పోడు మీద పెంచిన పన్ను కూడా తోడైంది. అమెరికావాడికి 1978లో తిరిగి దొరికింది, వీళ్ళ దగ్గర నుంచి అంతకు వందేళ్ళ ముందే తీసుకున్నారు.

దీన్ని మరీ రొమాంటిక్ చెయ్యడం కూడా నాకిష్టం లేదు. 1992లో దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ళు తాగుడు ఇళ్ళని ఏం చేస్తుందో చెప్పారు. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధించారు. వాళ్ళు చెప్పింది నిజం. కాకపోతే వాళ్ళు తిరగబడింది వేలంపాట పాడి ఊరిమీదికి తోలిన సారా మీద. పండక్కి ఇంట్లో పెట్టుకునే కుండ వేరు. చట్టానికి మాత్రం రెండూ ఒకటే. మైక్రోబ్రూవరీలో గ్లాసు ఎత్తే నాలాంటివాడికి కొనుక్కున్న లైసెన్సు నీడ ఉంటుంది. మధ్యప్రదేశ్ ఇప్పసారాని "హెరిటేజ్ లిక్కర్" అని సీసాలో పెట్టి అమ్మనిచ్చింది. ఇక్కడ ఆ కుండ ఇప్పటికీ చాటునే ఉంది.

మా పాత గుంపులో ఒకతను అడిగాడు: "మహువా రెసిపీ దొరికిందటగా, పెట్టవా?" నా దగ్గర రెండు పేజీల నోట్స్ ఉన్నాయి. పెట్టలేదు. అది రహస్యమని కాదు, ఎవరైనా కనుక్కోగలరు. నేను పెడితే ఎక్కడో ఒకడు ఎండు పువ్వు తెప్పించుకుని, హైడ్రోమీటర్ ముంచి, నా పేరు చెప్పి మెచ్చుకుంటాడు. ఆ పని ఎవరిదో వాళ్ళకి మాత్రం రైడింగ్ భయం అలాగే ఉంటుంది. వాళ్ళు పండక్కి కుండ పెట్టుకుంటే అడిగేవాడు లేని రోజు రానీ. ఆ రోజు రెసిపీ పెట్టాలో వద్దో వాళ్ళే చెప్తారు.