తొట్టిలోని శిశువు

క్రీస్తుజననమును సజీవముగాఁ జూపు వాడుకకు మూలము ఇటలీలోని గ్రెచ్చియో గ్రామమందురు. 1223లో నచట అస్సీసి ఫ్రాన్సిసు గడ్డితొట్టిని, ఎద్దును, గాడిదను దెప్పించి, ఆ శిశువు పేదఱికమును జనులకుఁ గన్నులారఁ జూపెను.

క్రిస్మసునాఁటి రాత్రి నిమ్మనపల్లె నుండి పిల్లలను వెంటఁబెట్టుకొని మదనపల్లె పోయితిమి. 1863లో జేకబ్ చేంబర్లేను దొర మిషను నెలకొల్పిన యూరది. అచట నొక పేటలో నట్టి ప్రదర్శనము చూచితిమి. మరియమ్మ, యోసేపు, గొఱ్ఱెలకాపరులు అందఱును ఆ వీథి పిల్లలే, దూడయు నొకరింటిదే. నిత్యము కొట్టములోఁ దిరుగు మా పిల్లలకుఁ దొట్టినిగూర్చి చెప్ప నక్కఱలేకపోయెను. సత్రమునఁ జోటు చిక్కక తల్లి పశువులపాకఁ జేరుట చూచి మా చిన్నది, "వారికిఁ జోటేల యీయలేదమ్మా?" అని యడిగెను.

సోదరీమణులారా! ఈ ప్రశ్నకు బదులు మాటలతోఁ గాదు; మన వాకిట నిలిచిన నిండుచూలాలికి మనమిచ్చు చోటుతోఁ జెప్పవలెను.